కెమెరాలో రెండో మొహం

బ్యాంకు వాళ్లు ఆఫీసుకు తాళం వేసి, ఆవిడ పనిని ఇంటికి పంపారు. తోడుగా ఒక కెమెరానూ పంపారు. ఖాతాదారులతో ఫోన్లో మాట్లాడినంతసేపూ అది ఆవిడ మీద కన్నేసి ఉంచుతుంది. పక్కన ఇంకో మొహం కనిపించిందా, లైను తెగిపోతుంది. ఒకసారి తెగింది కూడా. మళ్లీ తెగితే ఉద్యోగం ఊడినట్టేనని పైఅధికారి మొహం మీదే చెప్పేశాడు. ఖాతాదారుల గుట్టు బయటికి పొక్కకూడదట! నాలుగేళ్ల కూతురు పిచ్చుక ఎవరి గుట్టు ఎవరికి మోస్తుందో ఆ మహానుభావుడికే తెలియాలి.

భర్త లెక్కల మాస్టారు. హాల్లో గోడవైపు తిరిగి, ల్యాప్‌టాప్‌లో పాఠాలు చెబుతాడు. క్లాసు మొదలైతే ఇల్లు కూలినా పట్టదు.

"పిచ్చుక జాగ్రత్త. ఒక చెవన్నా ఖాళీగా ఉంచుకోండి," అంది ఆవిడ, పడగ్గది తలుపు దగ్గరగా వేస్తూ.

"నేను చూసుకుంటాగా! ఎన్నిసార్లు చెబుతావే తల్లీ!" అంటూనే రెండు చెవులకూ హెడ్‌ఫోన్లు తగిలించాడు.

ఆ పొద్దున లైన్లో ఒక పెద్దాయన, కార్డు పోయిందని నానా యాగీ చేస్తున్నాడు. ఆవిడ ఓపిగ్గా సర్దిచెబుతుండగా వంటింట్లో ఏదో భళ్లున పగిలింది. ఏడుపు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించింది. వినిపించలేదు. హాల్లో మాస్టారి పాఠం మాత్రం సాగిపోతూనే ఉంది. ఏడవలేదంటే ఏం కాలేదులే అనుకుని, మళ్లీ పెద్దాయన మాటల్లో పడింది.

తలుపు మెల్లగా కదిలింది. పిచ్చుక కెమెరాకు అందకుండా నేల మీద పాకుతూ వచ్చింది. ఒక చెయ్యి గుండెకు అదుముకుని ఉంది. గౌనంతా నెత్తురు. పెదాలు బిగబట్టి, కిక్కురుమనకుండా అమ్మ వంక చూసింది.

"ఏమ్మా, వింటున్నావా?" అంటున్నాడు పెద్దాయన.

ఆవిడ పిల్లను ఒళ్లోకి లాక్కుంది. తెర నల్లబడింది. దిండు గలీబు లాగి, తెగిన అరచేతికి బిగించి, "ఏవండీ!" అని కేక పెట్టింది.

హెడ్‌ఫోన్లు మెడలో వేలాడుతుండగా పరుగెత్తుకొచ్చాడు భర్త. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చెయ్యి తెగితే నన్ను పిలవొద్దుటే, పిచ్చుకా! అరవొచ్చు కదే!"

"నువ్వే కదా నాన్నా," అంది పిల్ల గుసగుసగా, "అరిస్తే అమ్మ ఉద్యోగం పోతుందన్నావ్."

మాస్టారు అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఫోను మోగింది. పైఅధికారి. ఎవరూ తియ్యలేదు.

"ఇంక ఫరవాలేదమ్మా, ఏడువు. గట్టిగా ఏడువు," అంది ఆవిడ.

పిల్ల నల్లబడ్డ తెర వంక ఒకసారి అనుమానంగా చూసింది. అప్పుడు బావురుమంది.