కుట్టుమిషను చప్పుడు

"మీ పిన్ని నాతో మాట్లాడ్డం మానేసిందే," అంది అమ్మ, ముఖం గంటు పెట్టుకుని.

నాకేమీ అర్థం కాలేదు. గొంతు ఆపరేషను అయినప్పటి నుంచీ పిన్నికి మాటే లేదు. లేని మాట ఎలా మానేస్తుంది?

గుచ్చి గుచ్చి అడిగితే సంగతి బయటపడింది. పిన్ని బట్టలు కుడుతుంది. సాయంత్రం అమ్మ ఫోన్ చేస్తే రిసీవరు మిషను పక్కన పెట్టుకుని పని చేసుకుంటూ వింటుంది. అమ్మ ఏదైనా అడిగితే మిషనే జవాబు చెబుతుంది. ఒకసారి తొక్కితే అవును, రెండుసార్లు తొక్కితే కాదు. అక్కాచెల్లెళ్లు ఇన్నేళ్లుగా ఇలా కబుర్లాడుకుంటున్నా నాకు తెలియనే లేదు. ఉక్రోషం వచ్చింది, అంతకంటే ఎక్కువ ముచ్చటేసింది.

"నా దగ్గరికొచ్చి ఉండిపోవే అని అడిగాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నామీద అంత కోపమేంటి దానికి?" అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇష్టమో కాదో మెసేజ్ పెట్టమనవే."

"చేతులు రెండూ గుడ్డ మీదుంటే కాళ్లతో రాస్తుందా?"

మర్నాడు సాయంత్రం అమ్మకి చెప్పి పిన్ని ఇంటికి వెళ్లి, మిషను పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఫోన్ మోగింది. పిన్ని స్పీకరు పెట్టింది.

"ఏమే, తిన్నావా?" అంది అమ్మ.

పిన్ని ఒకసారి తొక్కింది. గది మొత్తం వినబడింది.

"చూశావా, పలకదు!"

పిన్ని ఫోన్ వంక గుర్రుగా చూసి మళ్లీ తొక్కింది, ఈసారి గట్టిగా.

"ఉన్నావా అసలు?"

పిన్ని ముఖం చిన్నబోయింది. పాత తీగ ఫోన్లు తీసేస్తున్నారని పోయిన వారమే ఇద్దరికీ ఇంటర్నెట్ ఫోన్లు పెట్టించింది నేనే. ఆ ఫోన్ల కంపెనీలోనే నా ఉద్యోగం కూడా. మనిషి గొంతు ఉంచి మిగతా చప్పుళ్లన్నీ తుడిచేసే ప్రోగ్రాం మాది. ఫ్యాను, హారను, కుక్క అరుపు అన్నీ దానికి నేర్పాం. కుట్టుమిషను చప్పుడు కూడా పోయిన రోజు ఆఫీసులో చప్పట్లు కొట్టుకున్నాం. పిన్ని జవాబులన్నీ చెత్తతో పాటు ఊడ్చేశామని అప్పుడు తెలిసింది.

పిన్ని ఫోన్ తీసుకుని, సెట్టింగుల్లో వెతికి, ఆ తుడుపు ఆపేశాను.

"అబ్బ, ఇప్పుడు మీ ఇల్లు వినిపిస్తోంది," అంది అమ్మ. తర్వాత నెమ్మదిగా, "ఏమే, వచ్చి నాతో ఉంటావా?" అని అడిగింది.

పిన్ని తీగ మీద వేలాడుతున్న బట్టల వంక చూసింది. ఎవరెవరివో రవికలు, స్కూలు యూనిఫాంలు. తొందరపడలేదు. ఒకసారి తొక్కింది. ఆగింది.

మళ్లీ తొక్కింది.

అవతల అమ్మ ఏడుస్తోందేమో అనుకున్నాను.

"రాదట! చూశావా దాని పొగరు!" అంది అమ్మ. అంత సంతోషంగా ఎవర్నైనా తిట్టడం నేనెప్పుడూ వినలేదు.

పిన్ని మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. ఈసారి ఆపడం లేదు. దీనికి అర్థమేంటో నాకు తెలియలేదు. వంగి సూది కింద చూస్తే అక్కడ గుడ్డే లేదు.

"నవ్వకే, ఒళ్లు మండుతుంది!" అంది ఫోన్‌లో అమ్మ.