హైమావతి తలనీలాలు

శరదృతు ప్రారంభమున వానలు వెలిసి మబ్బులు దూదిపింజలై విడిపోయి కాలువనీరు కలక దేరి గట్ల వెంబడి రెల్లు పూచి వరిచేలు పొట్టమీద నుండగా లేత యెండ పెరళ్లలోనికి మెల్లగా దిగుచుండిన యొకానొక యాదివారము ప్రాతఃకాలమున నిడదవోలు పట్టణమునందలి కాలువగట్టు వీధిలో హైమావతి యను గృహిణి పెరటి యరుగుపై గూర్చుండి తన కొప్పు విప్పెను. విప్పినంతనే యాషాఢజలధరశ్యామలంబును స్నిగ్ధమసృణంబును నిబిడకుటిలంబును నగు నా కేశపాశము భుజములు దాటి నడుము దాటి యరుగు దాటి నేలకు జారెను. ఆ జుట్టును జూచి యొక్కమారైన నిట్టూర్పు విడువని యాడుది యా వీధిలో లేదు.

దానికి జరుగు నుపచారము చూడదగినది. చిన్న గిన్నెలో గొబ్బరినూనె గోరువెచ్చ జేసి మందులదుకాణమున గొనితెచ్చిన విటమిన్ ఇ గుళికలు రెండు పిన్నీసు మొనతో బొడిచి వానిలోని జిడ్డైన చమురును బొట్టు మిగులకుండ నందులో బిండి కుదుళ్లనుండి కొసలదాక పాయపాయకును బట్టించును. ఆ గుళికలు మ్రింగుటకై చేయబడినవని పెట్టెమీద వ్రాసియే యున్నది. అయినను ఎవరో చెప్పిరి, ఈమె వినెను, జుట్టు మెరసెను. అంతకంటె సాక్ష్య మేమి కావలయును?

అంతలో నామె కూతురు వైదేహి యను నారేండ్ల బాలిక చిక్కుపడిన తలతో వచ్చి ప్రక్కన నిలిచెను.

“అమ్మా, నాక్కూడా ఆ పచ్చ గుళిక నూనె రాయవా?”

“చిన్నపిల్లవి, నీకెందుకే? నాయనమ్మ రాస్తుందిలే, వెళ్లు.”

పిల్ల పోయి నాయనమ్మ సూరమ్మ మోకాళ్లమధ్య గూర్చుండెను. ఆమె సీసాలోని వట్టి కొబ్బరినూనె యరచేత బోసికొని మనుమరాలి నడినెత్తిన నంటి రెండు జడలు వేసెను. ప్రతి యాదివారమును నిట్లే జరుగుచుండెను.

చదువరీ, ఇంతగా వర్ణించితినిగాని యా జుట్టు హైమావతిది కాదు. ఆ సంగతి యామెకును దెలియును. ఆరేండ్లనాడే దానిని చిన్నతిరుపతి వేంకటేశ్వరున కిచ్చివేసినది. నోటితో నిచ్చినది, చేతితో నియ్యలేదు, అంతే.

వైదేహి నాలుగునెలల పసికందై యుండగా పుష్యమాసపు చలికి ఊపిరితిత్తులు చెడి రాజమహేంద్రవరమున నొక వైద్యశాలలో జేర్పబడెను. పుల్లలవంటి యా చేతులలో నరము దొరకమిచే దాది యెడమచెవిపైని వెండ్రుకలు గొరిగి తలలోని నరమునకు సూది గ్రుచ్చెను. పట్టపగలు రెండుగంటలవేళ నా బిడ్డ యేడ్చుట కూడ మానివేసెను. అప్పుడు హైమావతి తన జడను రెండుచేతుల బట్టుకొని “చిన్న వెంకన్నా, నా పిల్లని నాకియ్యి, నా తలనీలాలు నీకిస్తాను” అని మొక్కెను. ప్రక్కనే నిలిచిన యత్తగారు వినెను. మూడవనాటికి బిడ్డ కండ్లు తెరచి పాలు త్రాగెను. సూది దిగినచోట పుండుపడి మానెను. దానిపై వెండ్రుకలు మొలచెను. పిమ్మట నందరును దానిని మరచిరి.

ఏరు దాటి తెప్ప తగలవేయువారిని మనము తిట్టుదుము గాని దాటినవారిలో ఎందరు తెప్పకు దండము పెట్టిరి? మొదటియేడు మరిది పెండ్లి. పెండ్లిపందిటిలో గుండుతో నెట్లు తిరుగుట? రెండవయేడు గృహప్రవేశము. మూడవయేడు పిల్లకు పుట్టువెండ్రుకలు తీయించుటకై యా కొండకే పోయిరి. ఆడుపిల్లకు మూడు కత్తెరలు వేయించుటయే వారి యాచారము గనుక నవి వేయించి స్వామిని దర్శించి హైమావతి యెట్లు పోయినదో యట్లే జడతో దిగివచ్చెను. ఆనాడు బస్సులో సూరమ్మ కోడలి ప్రక్కను విడిచి వెనుక కూర్చుండెను. నాలుగవయేడు కారణము కూడ లేదు.

“అమ్మాయ్, ఆపదమొక్కులు సంపద మరపులు అన్నారు. ఆ మొక్కు సంగతి చూడవే” అని సూరమ్మ యనుచుండెను.

“వచ్చే ఏడు తప్పకుండా ఇచ్చేస్తానండీ అత్తయ్యగారూ. ఇంకాస్త పెరగనివ్వండి. దేవుడికిచ్చేదేదో నిండుగా ఇద్దాం.”

ఎంత నేర్పుగల మాటయో చూచితిరా! తనకొరకు బెంచుకొనుచు దేవునికొరకని చెప్పి తానే నమ్మినది. ఆమెను నేను నిందింపను. అందము కలిగినవారికే దానిని విడుచుట యెంత కష్టమో తెలియును. లేనివారు నీతులు చెప్పవచ్చును.

మరుసటి జ్యేష్ఠమున హైమావతికి టైఫాయిడు జ్వరము తగిలి యిరువదియొక్క దినములు పట్టి విడిచెను. జ్వరము విడిచిన రెండుమాసములకు జుట్టు విడువ నారంభించెను. దువ్వెన నిండెను. దిండు నిండెను. స్నానపుగదిలో నీరు పోవు కన్నము పూడెను. దసరానాటికి మిగిలినది ఎలుకతోక. వైద్యురాలు పరీక్షించి మెత్తగా నిట్లు చెప్పెను:

“జ్వరానికి రాలిన జుట్టండి, దానంతటదే రావాలి. నూనె రాసుకోండి, ఉన్నదానికి మెరుపొస్తుంది. మొలిపించే శక్తి మాత్రం దానికి లేదు.”

హైమావతి వినలేదు. రెండు గుళికలు నాలుగయ్యెను, నాలుగు ఆరయ్యెను. వెనుక నూనె సింగారమున కైనది; ఇప్పుడు నిజముగా దేవునికొరకే. ఇచ్చెదనన్న జుట్టు ఇచ్చెదనన్నంతగా మరల మొలిచినచో జాలును, ఆనాడే కొండయెక్కి యిచ్చివేయుదునని ప్రతి యాదివారమును గుళిక పొడుచుచు ననుకొనుచుండెను. రెండేండ్లు గడచెను. వచ్చినది కొంచెము; ఆ కొంచెమును బలుచన.

“పిల్ల బతికితే ఇస్తానని మొక్కావు, ఉన్నదే ఇచ్చెయ్యవే. వెంకన్న ఏవన్నా మూరేసి పుచ్చుకుంటాడా?” అని సూరమ్మ యొకనాడనెను.

“ఇవ్వాల్సినప్పుడు ఇవ్వలేదండీ. ఇప్పుడీ తోకముక్క పట్టుకుని ఏ మొహంతో వెళ్లను?” అని హైమావతి కొంగు నోట గ్రుక్కుకొని యేడ్చెను. గడప యవతల నిలిచి వైదేహి యా మాటలన్నియు వినెను. మొక్కు తనకొరకని యా బాలికకు దెలిసిన దానాడే.

మాఘమాసమున నొక శనివారము సూరమ్మ పట్టుబట్టగా ముగ్గురును కొండకు బోయిరి. కేశఖండనశాలలో నీళ్ల చప్పుడును గోవిందనామములును గలసి మ్రోగుచుండెను. ముందు వరుసలోని యొక పడుచు జడ పాదములదాక నుండుట చూచి హైమావతి తన యెలుకతోకను పైటలో దాచుకొనెను. వంతు వచ్చెను. ముసలి క్షురకుడు పీటమీద నీళ్లు చల్లి పిలిచెను. ఆమె యడుగు కదల్పలేకపోయెను. వైదేహి ముందుకు బోయి యా పీటపై గూర్చుండెను. ఆ పిల్లకు తొమ్మిదేండ్లు. రెండు జడలు నడుము దాటినవి.

“ముందు నాకు చెయ్యండి తాతా.”

“లేవే! మొక్కింది నేను” అని తల్లి చేయి పట్టెను.

“బతికింది నేను కదమ్మా. నీది వచ్చాక నువ్విద్దువుగాని. నాది ఇప్పుడుందిగా.”

ఇచ్చట దాచక చెప్పవలసిన దొకటి కలదు. ఆ మాట వినినంతనే హైమావతి హృదయమున నొక్క క్షణము ఊరట పుట్టెను. తన వంతు తప్పినదని యూరట. పుట్టినదని యామెకు దెలిసెను. పిల్ల చేయి విడిచెను. తరువాతి కాలమున దన తప్పులన్నింటిని దలచుకొని సమాధానము చెప్పుకొనగలిగెను గాని యీ యొక్కదానికి చెప్పుకొనలేకపోయెను.

కత్తి నడచెను. జడలు రెండును రిబ్బన్లతోనే సూరమ్మ యొడిలో బడెను. నీళ్లకు తడిసి తెల్లనైన యా చిన్న తలపై నెడమచెవికి బైన కందిబద్దంత మచ్చ యొకటి పైకి దేలెను. క్షురకుడు కత్తి నాపి వ్రేలితో తడిమెను.

“ఇదేంటమ్మా, చిన్నప్పుడు దెబ్బేవన్నా తగిలిందా?”

సూరమ్మ కొంగుతో కన్ను లొత్తుకొనెను. తొమ్మిదేండ్లలో హైమావతి తన జుట్టులో నొక్కొక్క పాయను విడదీసి చూచుకొన్నది. ఆ మచ్చను మాత్రము చూచియుండలేదు. చూచి యుండినచో వైద్యశాలలోని యా మధ్యాహ్నమును మరచెడిది కాదు. బిడ్డ లేవగానే యామె పీటపై గూర్చుండి తల వంచి “నాకూ చెయ్యండి బాబూ” అనెను. దానికి రెండు నిమిషములైన బట్టలేదు.

మరునాడాదివారము. పెట్టెలో నొక్క గుళిక మిగిలియుండెను. హైమావతి యరుగుమీద గూర్చుండి కూతును మోకాళ్లమధ్యకు బిలిచి పిన్నీసుతో గుళిక పొడిచి యా చమురును గంధపుచారలింక వదలని బోడితలపై బిండి మెల్లగా రాచెను.

“గుండుకి ఎందుకమ్మా ఈ నూనె?” అని పిల్ల నవ్వెను.

తల్లి వ్రేలు మచ్చదగ్గర నాగెను.

“ఇక్కడ నొప్పెడుతుందా?”

“ఎక్కడ? లేదమ్మా. అక్కడేవుంది?”

తల్లి మిగిలిన చమురును గూడ నా చోటనే రాచెను.

ఏడాదికి రెండు తలలును గప్పుకొనెను. దేవుడు గడువులు చాల నిచ్చును. మనము గడువు మీరిన మొక్కును మన ప్రక్కవారిచేత దీర్పించును. కూతురి జుట్టు మరల నొత్తుగా బెరిగి యా మచ్చ కనబడకపోయెను. అయినను ప్రతి యాదివారము నూనె యంటునపుడు తల్లి వ్రేలు తడుముకొనకయే యెడమచెవిపైని యా చోటికి బోయి కొంతసేపు నిలుచుచుండెను. ఎందుకని కూతురడుగుట మానివేసెను.