ఉప్పు వర్తకుడి కూతురు తలుపు తట్టింది

నాకు చదువు రాక కాదు, చేతులు ఖాళీ లేక నవలలు చదవలేదు. పాతికేళ్లు నేను కుట్టుమిషన్ తొక్కుతుంటే మా ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని చదివి వినిపించాడు. గడియారాలు బాగుచేసే మనిషి. షాపు మూసి రాగానే కాళ్లు కడుక్కుని పుస్తకం తీసేవాడు. ఆ గంటసేపూ నేను పక్కవాళ్ల చొక్కాలకి కాలర్లు కుడుతున్నానన్న సంగతే మర్చిపోయేదాన్ని. కోటల్లో తిరిగేదాన్ని, ఓడలెక్కేదాన్ని. ఒక్కోసారి సూది వేల్లో దిగాకే ఇంటికి తిరిగొచ్చేదాన్ని. గోడవతల మంచం మీద మా అత్తగారు కూడా చెవులు రిక్కించి వినేవారు.

ఆయన పోయి ఎనిమిది నెలలైంది. ఇంట్లో మిగిలింది నేనూ, చూపు పోయిన అత్తగారూ. మా ఇద్దరికీ మొదట్నుంచీ ఉప్పూ నిప్పే. ఆయన ఉన్నన్నాళ్లూ పోట్లాడుకునేవాళ్లం, తీర్పు చెప్పే మనిషి లేక ఇప్పుడు అదీ మానేశాం. "అన్నం పెట్టాను", "తిన్నాను". రోజుకి అవే మాటలు. మిషన్ ఆపితే ఇల్లంతా గుయ్యిమనేది. స్టూలు మాత్రం అక్కణ్ణుంచి తియ్యలేదు. కుట్టిన బట్టలు కూడా దాని మీద పెట్టలేదు.

ఒక మధ్యాహ్నం ఆవిడే కదిపారు. "ఏమే, వాడు చదివేవాడే, ఉప్పు వర్తకుడి కూతురి కథ. అది చదవొచ్చు కదా."

"నా గొంతుకి అదొక్కటే తక్కువ," అన్నాను విసురుగా. కానీ లోపల ప్రాణం లేచొచ్చింది. ఎనిమిది నెలలుగా నేనూ ఆ పుస్తకం వంకే చూస్తున్నాను, ముట్టుకునే ధైర్యం లేక.

స్టూలు మంచం దగ్గరికి లాక్కున్నాను. రోజుకో అధ్యాయం. తప్పిపోయిన అన్న కోసం ఇల్లు వదిలిన పిల్ల, నదులు దాటి, ఊళ్లు తిరిగి, ఆరువందల పేజీల తర్వాత అన్న దొరక్కుండానే వెనక్కి బయల్దేరుతుంది. వచ్చి తలుపు తడుతుంది, తల్లి తీస్తుంది. అదీ ముగింపు. మూడుసార్లు విన్నాను, మూడుసార్లూ ఏడ్చాను. ఆ తలుపు దగ్గర ఆయన గొంతు మళ్లీ వినిపిస్తుందని నా పిచ్చి ఆశ. అత్తగారికీ అదే ధ్యాస. నేను కాస్త ఆలస్యం చేస్తే, "ఆ మిషన్ అరిగిపోతుంది, ఇక రావే," అని కేకేసేవారు.

చివరి పేజీకి వచ్చాం. నా కళ్లు గొంతుకంటే ముందు పరిగెత్తాయి. తలుపు లేదు. పడవ ఇంకా ఒడ్డు చేరకముందే, ఇంట్లో దీపం కనిపిస్తుండగానే ఆ పిల్ల చనిపోయింది. కింద "సమాప్తం" అని ఉంది.

ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ నన్ను నమ్మించాడు మహానుభావుడు! ఆ వెంటనే గుర్తొచ్చింది. ఆయన ఈ పుస్తకం మొదటిసారి చదివింది నాకు ఏడో నెలలో కడుపు పోయిన ఏడాది. ఆడపిల్ల అన్నారు. అప్పట్లో నేను గుడ్డ ముందు పెట్టుకుని, మిషన్ మీద తలవాల్చి అలాగే ఉండిపోయేదాన్ని.

"ఆగిపోయావేమే? ఒడ్డుకి వచ్చేసింది కదా," అన్నారు అత్తగారు.

పుస్తకం మూసేశాను. "వచ్చేసింది," అన్నాను. "వచ్చి తలుపు తట్టింది. వాళ్లమ్మ తీసింది."

అత్తగారు చెయ్యి చాచి, తడుముకుంటూ నా మోకాలు పట్టుకున్నారు.

"వాడు కూడా ప్రతిసారీ ఇక్కడే ఆగేవాడే," అన్నారు.