ఎర్కెబులాన్ కుడిచెయ్యి

మా కజక్ ఊరు కరగందాలో గని కార్మికుల పాత క్లబ్బు ఒకటుంది. దాని నేలమాళిగలోనే మా స్టూడియో. వాయించేవాళ్ళు వాయించి ఇళ్ళకి వెళ్ళిపోయాక నా పని మొదలవుతుంది. కంప్యూటర్ తెర మీద తాళం దెబ్బ పడే ప్రతిచోటా ఒక నిలువు గీత ఉంటుంది. గిటారు మోత చిన్న చిన్న గుట్టల్లా కనిపిస్తుంది. ప్రతి గుట్టా సరిగ్గా గీత దగ్గర మొదలవ్వాలి. అలా లేకపోతే దాని ముందు కోసి, గీత మీదికి జరిపి, వెనక మిగిలిన సందుని అతుకు తెలియకుండా పూడుస్తాను. ఒక్క పాటకి ఎనిమిది వందల కోతలు పెట్టిన రోజులున్నాయి. పని బాగా కుదిరితే అలాంటి పని జరిగిందనే ఎవరికీ తెలియదు. పదకొండేళ్ళుగా చేస్తున్నాను కాబట్టి నాకది బాగానే కుదురుతుంది.

ఎర్కెబులాన్ అన్న బస్సు డిపోలో ఎలక్ట్రీషియను. నలభై ఆరేళ్ళు. తమ్ముడు ఒరల్‌బెక్ నడిపే బృందంలో ఇరవై ఏళ్ళుగా గిటారు వాయిస్తున్నాడు. బరువైన సంగీతం వాళ్ళది. పాటలు కజక్ భాషలో ఉంటాయి, గొంతు చించుకుని పాడతారు. అన్నకి ఒక అలవాటుండేది, పల్లవి దగ్గరికొచ్చేసరికి ఆగలేక వెంట్రుకవాసి ముందుకి దూకేవాడు. ఆ దూకుడు నాకిష్టం. దాన్ని ముట్టుకునేదాన్ని కాదు.

ఆ సెప్టెంబరులో కొత్త ఆల్బం మొదలుపెట్టారు. తొమ్మిది పాటలు. డిపోలో సెలవు దొరికిన రోజు అన్న వచ్చి తన వంతు వాయించి వెళ్ళేవాడు. రాగానే కోటు విప్పుతూ నన్ను పలకరించేవాడు.

"ఏమ్మా దర్జీపిల్లా, పోయిన వారం నన్నెన్ని ముక్కలు చేశావ్?"

"రెండో మూడో అన్నా."

"అంతేనా! అయితే ఇంకా ముసలాణ్ణి కాలేదన్నమాట."

సెప్టెంబరులో నేనన్నది నిజమే. ఆ తర్వాత కూడా అడిగినప్పుడల్లా అదే జవాబిచ్చాను. అక్టోబరు తొమ్మిదిన రికార్డు చేసిన మూడో పాట తెరిచి చూస్తే గుట్టలన్నీ గీతల వెనక పడి ఉన్నాయి. సెకనులో యాభయ్యో వంతు ఆలస్యం. చెవికి పట్టుబడదు గానీ పాటలో ఏదో ఈడుస్తున్నట్టుంటుంది. ఎప్పుడూ ముందుకి దూకే మనిషి వెనకబడటం నేను చూడటం అదే మొదటిసారి. అలసిపోయాడేమో అనుకుని సరిచేసేశాను.

నవంబరు నెలాఖరుకి ఆ ఆలస్యం రెట్టింపైంది. ఇంకో విషయం కూడా నా కళ్ళ పడింది. గిటారులో కొన్ని స్వరాలు కుడిచేత్తో పట్టుకునే చిన్న బిళ్ళతో మీటకుండా, ఎడమచేతి వేలితో తీగని కొట్టి పలికిస్తారు. అన్న వాయించినవాటిలో ఆ స్వరాలు మాత్రం గీత మీదే ఉన్నాయి. కుడిచేత్తో మీటినవే వెనకబడుతున్నాయి. అలసటైతే రెండు చేతులకీ ఉండాలి కదా. తాళం తప్పడమైతే రెండూ తప్పాలి. ఇది ఒక్క చెయ్యి.

ఒరల్‌బెక్‌ని పిలిచి తెర చూపించాను.

"అన్న కుడిచేతికేదో అయింది. అడగండి."

అతను కుర్చీ లాక్కుని కూర్చుని కాసేపు చూశాడు. "చలికాలం. డిపోలో ఆ ఇనుము పట్టుకుని పట్టుకుని వేళ్ళు బిగిసుంటాయి."

"చలైతే ఎడమచేతికీ ఉండాలి కదా?"

"గౌహర్, నువ్వు డాక్టరువా?" నవ్వుతూనే అన్నాడు. "వాడి సంగతి నీకు తెలీదు. నీ చెయ్యి వెనకబడుతోందని ఒక్క మాట అంటే గిటారు గోడకి తగిలించేస్తాడు. తర్వాత బతిమాలినా దించడు. ఆల్బం అవనీ, నేనే చెప్తా. అప్పటిదాకా నువ్వు సరిచెయ్యి. నీ చేతిలో పనేగా."

సరేనన్నాను. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు నచ్చింది కూడా. కష్టమైన పని, నేను తప్ప ఇంకెవరూ చెయ్యలేని పని. డిసెంబరంతా కూర్చుని అన్న వాయించిన ప్రతి దెబ్బా గీత మీదికి తెచ్చాను. ఒకట్రెండు చోట్ల వెంట్రుకవాసి ముందుకి కూడా జరిపాను, ఆయన పాత దూకుడులా ఉండాలని. విన్నవాళ్ళెవరూ గుర్తుపట్టలేరు.

ఎర్కెబులాన్ అన్నే గుర్తుపట్టలేదు. కొత్త సంవత్సరం ముందు ఒకరోజు మధ్యాహ్నం వచ్చి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని అప్పటికి పూర్తయిన నాలుగు పాటలూ విన్నాడు. విన్నంతసేపూ కుడిచేతి వేళ్ళు ముడిచి తెరుస్తూనే ఉన్నాడు.

"ఈ మధ్య చెయ్యి బరువెక్కినట్టుంటోంది," అన్నాడు. "వాయిస్తుంటే ఇంకెవరి చెయ్యో తగిలించుకున్నట్టు. మీ వదిన డాక్టరు దగ్గరికి పద పదమని ప్రాణం తీస్తోంది. కానీ ఇది విను! చెయ్యి బాలేనివాడు వాయించినట్టుందా ఇది?"

ఆయన మొహం వెలిగిపోతోంది. ఒరల్‌బెక్ తలుపు దగ్గరే నిలబడి నా వంక చూశాడు.

"లేదన్నా," అన్నాను. "బ్రహ్మాండంగా ఉంది."

"ఇది ఫోనులోకి ఎక్కించు. దానికి వినిపిస్తాను, నోరు మూసుకుంటుంది."

ఎక్కించి ఇచ్చాను.

ఫిబ్రవరికి ఆలస్యం సెకనులో పన్నెండో వంతయింది. కొన్ని దెబ్బలు అసలు పడనే లేదు. వాటి స్థానంలో సెప్టెంబరు నాటి దెబ్బలు తెచ్చి అతికించాను. ఆఖరి పాటలో ఆయన ఆ నెలలో వాయించింది పావు వంతు కూడా లేదు. ఒరల్‌బెక్‌కి మళ్ళీ చెప్పాను. "ఇంకొక్క నెల," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు తెర వైపు చూడలేదు. ఎర్కెబులాన్ అన్న ఇంటి ఫోను నంబరు నా దగ్గరుంది. చెయ్యలేదు.

మార్చిలో, వసంతం పండగ నౌరుజ్ నాడు, ఊరి చౌకులో వేదిక కట్టారు. మంచు కరిగి నల్లటి బురదైంది. మధ్యాహ్నం రెండింటికి ఒరల్‌బెక్ బృందం వంతు. మొదటి పాటలోనే అన్న వెనకబడ్డాడు. డ్రమ్ములు వాయించేవాడు తిరిగి తిరిగి చూస్తున్నాడు. ముందు వరసలో ఎవడో "తాతా, నిద్రపోయావా!" అని అరిచాడు, జనం నవ్వారు. అన్న కూడా నవ్వబోయాడు, మూతి ఒక పక్కకే కదిలింది. రెండో పాటలో బిళ్ళ చేతిలోంచి జారి పడింది. తీసుకుందామని వంగినవాడు మళ్ళీ లేవలేదు.

మెదడులో ఎడమపక్క గడ్డ, కోడిగుడ్డంత. ఆసుపత్రి వరండాలో డాక్టరు మమ్మల్ని నిలబెట్టి అడిగాడు, "చెయ్యి ఎప్పట్నించి మందగించింది? గుర్తుంటే చెప్పండి."

అన్న భార్య షినార్ వదిన తలకి కట్టుకున్న రుమాలు కొసతో ముక్కు తుడుచుకుంది. "ఫిబ్రవరిలో చెంచా జారవిడిచాడు. అంతకుముందు బరువుగా ఉందని అనేవాడు... సరిగ్గా తెలీదండి."

"అక్టోబరు తొమ్మిది," అన్నాను నేను.

అందరూ నా వైపు తిరిగారు.

"మొదటిసారి అప్పుడు. నవంబరు ఇరవై ఎనిమిదికి రెట్టింపు. నా దగ్గర అన్నీ ఉన్నాయి, తేదీలతో." మేం ఎప్పుడూ నకలు మీదే కోతలు పెడతాం, అసలు రికార్డులు అలాగే ఉంచుతాం. ఒకటొకటిగా అన్నీ చెప్పేశాను. డాక్టరు రాసుకున్నాడు. శరదృతువులోనే వచ్చి ఉంటే అప్పటికి గడ్డ చిన్నదే అయి ఉండేదని, బతికేవాడని మాటివ్వలేను గానీ పోరాడే వీలు వేరుగా ఉండేదని అన్నాడు. అని లోపలికి వెళ్ళిపోయాడు.

వదిన నా దగ్గరికొచ్చింది. చాలా నెమ్మదిగా అంది.

"నవంబరులో నేనతన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళబోయా. జనవరిలో మళ్ళీ. అప్పుడు ఫోను తీసి పాట వినిపించాడు. నువ్వు చేసిన పాట. విని నేనూ నమ్మా, గౌహర్. నా కళ్ళెదుట గుండీ పెట్టుకోలేని మనిషిని చూస్తూ కూడా, నీ పాటే నమ్మా."

"ఒరల్‌బెక్ అన్నకి చెప్పాను వదినా..."

"చెప్పావు, కానీ గట్టిగా చెప్పావా?" ఒరల్‌బెక్ అరిచాడు. "చెయ్యి చెయ్యి అన్నావు గానీ, చచ్చిపోతాడని అన్నావా?"

"నాకేం తెలుసు?"

"మరి నాకేం తెలుసు?"

"మీ ఇద్దరికీ తెలుసు," అంది వదిన.

ఆపరేషనుకి ముందురోజు ఎర్కెబులాన్ అన్న నన్ను రమ్మన్నాడు. మాట ముద్దగా వస్తోంది. అసలు రికార్డులు వినిపించమన్నాడు. వద్దన్నా వినలేదు. ఫిబ్రవరి పాట పెట్టాను. కుంటుతూ, ఈడుస్తూ, ఆగిపోతూ ఉంది. కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు.

"నేను నిన్ను అడిగేవాణ్ణి కదమ్మా," అన్నాడు. "వచ్చిన ప్రతిసారీ ఎన్ని ముక్కలని అడిగేవాణ్ణి."

తిట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను కంప్యూటర్ మూసి బయటికొచ్చాను.

గడ్డ మొత్తం తీయలేకపోయారు. కుడిపక్క పడిపోయింది, ఆ తర్వాత మాట పోయింది. ఆగస్టులో చనిపోయాడు.

అన్న మంచంలో ఉండగానే, జూన్‌లో, ఒరల్‌బెక్ ఆల్బం విడుదల చేశాడు. నేను సరిచేసిన పాటలతోనే. ఎర్కెబులాన్ చెయ్యి గడియారంలా నడిచిందని పత్రికలవాళ్ళు రాశారు. వదిన అసలువి కూడా వెయ్యమని అడిగిందట, ఒరల్‌బెక్ ఒప్పుకోలేదు. అప్పట్నించీ వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

అన్న పోయిన నలభయ్యో రోజు పెట్టే భోజనానికి నన్నెవరూ పిలవలేదు, అయినా వెళ్ళాను. ఆడవాళ్ళ గదిలో ఒక చివర చోటిచ్చారు. వదినే చాయ్ పోస్తోంది. అందరికీ గిన్నెలో సగానికి తక్కువే పోస్తోంది, మా దగ్గర మర్యాద అదే, అతిథి మళ్ళీ మళ్ళీ అడగాలని. నా వంతు వచ్చేసరికి అంచుదాకా పోసి, తొణక్కుండా రెండు చేతులతో అందించింది. తాగి లేవమని దానర్థం. పక్కనున్న ముసలావిడ చూసి తల దించుకుంది.

చాయ్ పొగలు కక్కుతోంది. నోరు కాలుతున్నా ఆపకుండా మొత్తం తాగి, ఖాళీ గిన్నె ఆవిడ ముందు పెట్టి లేచాను. గుమ్మం దగ్గర బూట్ల కుప్పలో నావి వెతుక్కోడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ నన్ను ఉండమనలేదు.