పోస్టాఫీసు దాకా

సౌనా అనే ఆవిరి గదిలో పై బల్ల ఎక్కలేని రోజున ఈ ఇల్లు అమ్మేసి, ఊళ్ళో ముసలివాళ్ళ కోసం కట్టిన అపార్ట్‌మెంటుకు పోతానని సైమా ఎప్పుడూ అనేది. సరస్సు ఒడ్డున ఉన్న ఆ చెక్క గదిని ఆమె భర్త సొంత చేతులతో కట్టాడు. శనివారం సాయంత్రం పొయ్యి మీద రాళ్ళు బాగా కాలాక నీళ్ళు చల్లి, పై బల్ల మీద కూర్చుని ఆవిరి పట్టడం ఆమెకు చర్చి కంటే ముఖ్యం. ఈ సంగతి పాస్టరుకూ తెలుసు, కానీ సైమాతో పెట్టుకునే ధైర్యం ఆయనకు లేదు. ఆమె ఒక మాట అందంటే ఇక అంతే.

ఆ మొండితనం రుచి అందరికంటే బాగా తెలిసింది ఆడపడుచు వెర్నాకు. రోడ్డుకు అవతల ఇల్లే ఆమెది. ఇద్దరూ భర్తలను పోగొట్టుకున్నవాళ్ళే, ఇద్దరికీ డెబ్భై దాటి చాలా కాలమైంది. ఇనుప గని మూతపడిన ఆ ఊళ్ళో ఇంటింటికీ ఉత్తరాలు పంచే మనిషి లేడు. ఎవరివి వాళ్ళే పోస్టాఫీసుకు వెళ్ళి తమ పెట్టె తెరిచి తెచ్చుకోవాలి. మధ్యాహ్నం కాఫీ తాగగానే వదినా మరదళ్ళు బూట్లకు ఇనుప ముళ్ళ పట్టీలు తగిలించుకుని మంచు మీద బయల్దేరేవారు. దారి పొడుగునా పోట్లాటే. ఎవరి రొట్టెలో యాలకులు ఎక్కువయ్యాయి, ఎవరు ఎవరి గరిటె తీసుకెళ్ళి తిరిగివ్వలేదు, ఇవే. తీరా వెళితే పెట్టెలో విత్తనాల కంపెనీ పుస్తకం తప్ప ఏమీ ఉండేది కాదు. అయినా ఏ రోజూ మానేవారు కాదు.

ఒక ఏడాది ఆకులు రాలే కాలంలో యూనివర్సిటీ నుంచి డాక్టర్ హోల్కమ్ అనే ఆవిడ వచ్చింది. ముసలివాళ్ళు తగిన వ్యాయామం చేస్తే తమ ఇళ్ళలో తాము ఎక్కువ కాలం ఉండగలరా అన్నది ఆవిడ పరిశోధన. చర్చి కింది గదిలో పేర్లిచ్చిన వాళ్ళందరినీ చీట్లు వేసి రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు వెంటనే తరగతులు. రెండో గుంపు ఏడాది ఆగాలి. అప్పటిదాకా కొత్తగా ఏ వ్యాయామమూ మొదలుపెట్టకుండా ఎప్పటిలాగే ఉండాలి. వెర్నా మొదటి గుంపులో పడింది, సైమా రెండో దాంట్లో.

"చూశావా, చీట్లలో కూడా నీకే తగిలింది. మీ పుట్టింటివాళ్ళందరూ అదృష్టవంతులే, ఒక్క మీ అన్న తప్ప. పాపం, నన్ను చేసుకున్నాడు" అంది సైమా.

తరగతులు సరిగ్గా కాఫీ వేళకే పెట్టారు. వెర్నా కారులో వెళ్ళేది. చర్చి పక్కనే పోస్టాఫీసు. ఎలాగూ అటే వెళ్తున్నాను కదా అని సైమా పెట్టె తాళంచెవి కూడా తీసుకుంది. తరగతి లేని రోజుల్లో తన కాళ్ళు పీకుతున్నాయని ఇంట్లోనే ఉండిపోయేది. నడక మానేద్దామని ఇద్దరిలో ఎవరూ అనలేదు. అదే ఆగిపోయింది.

వెర్నా మాత్రం రోజురోజుకూ పుంజుకుంది. బిగుసుకుపోయిన పచ్చడి సీసా మూత ఒక్క తిప్పుకు తీసి, ఆ సీసా పట్టుకుని వీధి దాటి వచ్చి మరీ వదినకు చూపించింది. కుర్చీ పట్టుకుని మడమలెత్తడం నేర్పుతానంది. సైమా ససేమిరా అంది.

"ఆవిడకి మాటిచ్చానే. నేను కూడా బాగుపడిపోతే ఇంక ఆవిడ దేంతో పోల్చి చూసుకుంటుంది?"

"పోనీ కాసేపు అలా నడువు వదినా."

"ఎక్కడికి? ఉత్తరాలు నువ్వు తెస్తున్నావుగా. పనీ పాటా లేకుండా రోడ్డు మీద తిరిగితే అది వ్యాయామం కిందకే వస్తుంది."

ఆ ఊళ్ళో పని లేకుండా నడిచేది కుక్కలున్నవాళ్ళూ, ఎండాకాలంలో వచ్చే టూరిస్టులూ మాత్రమే. అందుకే ఆ మాట వెర్నాకు సబబుగానే తోచింది. ఇద్దరూ నవ్వుకున్నారు కూడా.

చలి బాగా ముదిరాక ఒక శనివారం సైమా కింది బల్ల మీదే కూర్చుండిపోయింది. ఆవిరి పడటం లేదంది. వయసు మీద పడుతోంది పాపం అనుకుంది వెర్నా. అలా అనుకుంటూనే పై బల్లకు చకచకా ఎక్కింది.

మంచు కరిగే రోజుల్లో రెండు గుంపులకూ పరీక్ష పెట్టారు. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చోవాలి, అంతే. వెర్నా లేస్తుంటే అందరూ చప్పట్లు కొట్టారు. తరువాత సైమా వంతు. చేతులు కట్టుకుంది, ముందుకు వంగింది. లేవలేకపోయింది. ఇంకోసారి ప్రయత్నించింది. మూడోసారి చేతులు వాటంతట అవే మోకాళ్ళ మీదకు జారాయి. చాలు, విశ్రాంతి తీసుకోండి అని డాక్టర్ మెల్లగా చెప్పింది.

ఎప్పటిలాగే ఉండమన్నారు కదా, అనుకుంది వెర్నా. సైమాకు ఎప్పటిలాగే అంటే పోస్టాఫీసు దాకా నడక, పక్కన తను. ఆ రెండూ తీసేసింది తనే, అదీ సాయం అనుకుని.

అందరూ వెళ్ళాక వెర్నా డాక్టర్‌తో అంతా చెప్పింది.

"ఎంత నడుస్తారని అడిగాం. ఎవరితో నడుస్తారని అడగాలని మాకు తట్టలేదండీ" అంది హోల్కమ్. ఇకమీద ఏ ఊరు వెళ్ళినా అడుగుతానంది. సైమా ఏడాది ఆగనక్కర్లేదు, రేపే మొదలుపెట్టవచ్చంది. పోయిన బలం కొంత తిరిగి వస్తుంది, అంతా వస్తుందని మాత్రం చెప్పలేనంది.

ఆ శనివారం సౌనా పొగగొట్టంలోంచి పొగ రాలేదు. వెర్నా వెళ్ళేసరికి సైమా వంటింట్లో కూర్చుని ఉంది. అపార్ట్‌మెంటు వాళ్ళకు ఫోను చేశాననీ, ఎండాకాలానికి ఒక గది ఖాళీ అవుతుందనీ మామూలుగా చెప్పింది. తరువాత అడిగింది.

"మనిద్దరి మధ్య తేడా బాగా కనబడిందా వాళ్ళకి?"

"కనబడింది వదినా."

"ఎవరికో ఒకరికి పనికొస్తుందిలే."

వెర్నా కళ్ళు నిండిపోయాయి. తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

"నీ ఉత్తరాలు నేనింక తేను."

సైమా ఆ తాళంచెవి వంక చూసింది, మరదలి మొహం వంక చూసింది. సంగతి అర్థమైంది. తప్పెవరిదని ఆమె అడగలేదు. బల్ల అంచు పట్టుకుని, ఆగి ఆగి లేచింది.

"నాకు బూట్లు తొడుగు" అంది.

సైమా చెయ్యి వెర్నా భుజం మీద ఉంది. రోడ్డు పక్కన కరిగిన నీళ్ళు పారుతున్నాయి. మొదటి దీపస్తంభం దగ్గర సైమా ఆగి, ఊపిరి పీల్చుకుని, నా గరిటె నీ దగ్గరే ఉందని గుర్తు చేసింది. లేదని వెర్నా వాదించింది. అక్కడి నుంచి వెనక్కి తిరిగారు. ఉత్తరాలు ఆ రోజు పెట్టెలోనే ఉండిపోయాయి.