వెనక్కి తీసుకోని తాళం చెవి

నేను ఒక లోపాన్ని. కంటికి కనిపించను. ఆపరేటింగ్ సిస్టమ్‌లో కెర్నల్ అని గుండెకాయ లాంటి భాగం ఉంటుంది. అందులో నలుగురికీ ఫైళ్లు పంచిపెట్టే భాగం నా పుట్టిల్లు. పని ముగించుకుని వెళ్లిపోయేవాడి దగ్గర తాళం చెవి వెనక్కి తీసుకోవాలి. అందుకు ఒక్క పంక్తి చాలు. రాసే పెద్దమనిషి అది మరిచాడు. సరిచూడాల్సిన ఇద్దరూ చూడకుండానే బాగుందన్నారు. నన్ను ఎవరూ కావాలని కనలేదు, తిట్లు మాత్రం నాకే.

ఏళ్ల తరబడి ఊరూరా యంత్రాల్లో హాయిగా బతికాను. చివరికి ఎక్కడో ఒకమ్మాయి నన్ను కనిపెట్టి, దొంగలకు చెప్పకుండా రాసినవాళ్లకే చెప్పింది. వాళ్లు ఆ మరిచిన పంక్తి రాసి లోకమంతటికీ పంపారు. నాకు నూకలు చెల్లాయనుకున్నాను. మనుషుల బద్ధకాన్ని తక్కువ అంచనా వేశాను.

నేనున్న యంత్రాల్లో ఒకటి సముద్రపు ఒడ్డున ఒక చేనేత సంఘంలో ఉండేది. జాందానీ చీరల కోసం కన్నారావుగారు నలభై ఏళ్లు గళ్ల కాగితం మీద గీసిన బుటాలన్నీ అందులోనే. నకలు కూడా అందులోనే. గది ఇరుకైపోతోందని కార్యదర్శి పట్టాభి అన్నీ స్కాన్ చేయించి, కాగితాలు పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. ఉంచమని కన్నారావుగారు బతిమాలారు. అప్పటికే ఆయన చేతికి వణుకు, మళ్లీ గీయలేరు.

ఆ పంక్తి సంఘానికి చేరింది సరిగ్గా ఆయుధపూజ రోజున. అది ఎక్కించి, ఆ సర్వర్ యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్లీ వెయ్యాలని కంప్యూటర్లు చూసే హైమ అడిగింది. పట్టాభి అప్పుడే మగ్గాలతో పాటు దానికీ పసుపు రాసి బొట్టు పెట్టాడు.

“ఆయుధపూజ నాడు పనిముట్టు ముట్టుకుంటామేటమ్మా? రేపు చూద్దాంలే.”

మర్నాడు దసరా. ఆ తర్వాత పెళ్లిళ్ల ఆర్డర్లు, ఆపడానికి వీల్లేదన్నాడు. హైమ మూడుసార్లు గుర్తుచేసి ఊరుకుంది. సర్వర్ మీద బొట్టు ఇంకా చెరగలేదు, దొంగ ఎక్కణ్ణుంచో నాలోంచి దూరి బుటాలన్నిటినీ తుడిచిపెట్టాడు.

కబురు విని కన్నారావుగారు వచ్చారు.

“నా మావిడిపిందె బుటా ఒక్కటన్నా మిగిలిందామ్మా?” అని హైమని అడిగారు.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన ముఖం చూసి నాకు సిగ్గేసింది. సిగ్గుపడాల్సిన మిగతావాళ్లు వైరస్ అంటూ అంతా నా మీదికి నెట్టేశారు.

అన్నీ అయ్యాక ఆ పంక్తి ఎక్కించారు. పావుగంట పట్టింది. నేను అక్కడ మూతపడ్డాను, చూపు మాత్రం అక్కడే ఉండిపోయింది.

మళ్లీ ఆయుధపూజ వచ్చింది. పట్టాభి ఆ ఖాళీ పెట్టెకు శ్రద్ధగా బొట్టు పెట్టాడు. మూల బల్ల దగ్గర కన్నారావుగారు గళ్ల కాగితం పరుచుకుని, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, పిందె తొడిమ దగ్గర పెన్సిల్ ఆనించారు. గీత పక్క గడిలోకి జారింది. చెరిపేసి మళ్లీ మొదలుపెట్టారు. ఈ రోజు పనిముట్టు ముట్టుకోకూడదని ఆయనకు ఎవరూ చెప్పలేదు.