తనదైన పాపం

“రేపు లేచి నిలబడగానే తల వంచుకో. గొంతు మరీ పెద్దది చెయ్యకు. అలాగని గొణక్కు,” అన్నాడు దాసు.

కనకమ్మ బొగ్గుల ఇస్త్రీపెట్టెను పక్కన పెట్టింది. బల్ల మీద ఉన్నది అతని తెల్ల అంగీ, ఆదివారం గుడిలో తొడుక్కునేది. ఉతికింది ఆమె, గంజి పెట్టింది ఆమె. దాని కింద బలిపీఠం మీద పరిచే బట్ట, పాద్రీ దొర చేతులు తుడుచుకునే తువ్వాలు, దొర పడుకునే మంచం మీది దుప్పటి తమ వంతు కోసం కాచుకుని ఉన్నాయి. గుడి ఊడ్వాలి. రొట్టె కాల్చాలి. దొరతో పాటు భోజనానికి కూర్చునే పదిమందికి వండాలి. ఇదంతా సంఘం పని. సంఘం పనికి జీతం తీసుకునే ఉపదేశి దాసు.

“ఏం చెప్తావో ఒకసారి చెప్పు.”

“అయ్య పోయిన పదకొండో నాడు పుట్టింటికి వెళ్లాను. భజనలో కూర్చున్నాను. ప్రసాదం తిన్నాను.”

“విగ్రహాల ప్రసాదం అను. దేవుడికి ద్రోహం చేశాను అను. ఊరికే తిన్నానంటే అది పాపమని పాద్రీ దొరకి ఎలా తెలుస్తుంది?”

“ఆయనకి తెలుగు రాదు కదండీ.”

“చెప్పడానికి నేను లేనూ?” అన్నాడు దాసు విసుగ్గా. “నీ గుండె బండ, కనకం. ఉపదేశి పెళ్లానివి. నెల రోజులుగా చెప్తున్నా నీలో పశ్చాత్తాపం కనబడదు.”

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. పశ్చాత్తాపం కోసం ఆమె నిజంగానే వెతుక్కుంది. తెలుగువాళ్లు సముద్రం దాటి కూలికి వచ్చిన ఆ దీవిలో, చెరకుతోటల మధ్య ఆ చిన్న గుడికి మూడు నెలలకొకసారి సాంత్ర్ ద ఫ్లాక్ అనే ఊరి మీదుగా గుర్రపుబండిలో పాద్రీ దొర వస్తాడు. తప్పు చేసినవాళ్లు అందరి ముందూ ఒప్పుకుంటేనే వాళ్లకు రొట్టె, ద్రాక్షరసం. కనకమ్మ ఆ విందును తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. అందుకే రోజూ బియ్యం ఏరుతూ, నీళ్లు మోస్తూ ఆ పదకొండో నాటిని తిరగేసి చూసుకుంది. తల్లి ఆకులో బెల్లపన్నం పెట్టి, “తినే అమ్మీ, మీ అయ్య పేరున వండినాం,” అంది. చిన్నప్పుడు అయ్య తన చేత పాడించిన పాట ఆడవాళ్లు ఎత్తుకుంటే గొంతు కలిపింది. అన్నం తియ్యగా ఉంది. అయ్య లేడన్న సంగతి ఆ తీపితోనే గొంతు దిగింది. అందులో ద్రోహం ఎక్కడుందో ఎంత వెతికినా ఆమెకు దొరకలేదు. ఒక్కోసారి, తన గుండె నిజంగా బండేనేమో అని భయమేసింది. వెతికినచోట లేని పాపం, ఆమె వెళ్లకుండా తప్పించుకు తిరుగుతున్న చోట కూర్చుని ఉంది. దాని పేరు బాలమ్మ.

బాలమ్మ కూలీల వరసలో ఉండే విధవ. మూడేళ్ల కిందట కనకమ్మకు బిడ్డ అడ్డం తిరిగితే రెండు రోజులు పక్కనుండి ఆమెను బతికించింది. బిడ్డ మాత్రం దక్కలేదు. దాసు “దేవుడి చిత్తం” అని ప్రార్థన చేసి, నాలుగో రోజున “మిషను నుంచి ఇద్దరు వస్తున్నారు, లేవగలవా?” అని అడిగాడు. అత్త గుమ్మంలో నిలబడి, “చచ్చినదాన్ని కన్నావు, ఇంకా మంచమేంటి?” అంది. ఆ వంట చేసింది బాలమ్మ. కనకమ్మ కళ్లు మూసుకుని దేవుణ్ణి పిలిచిన ఆ రోజుల్లో నుదుటి మీద ఆనిన చెయ్యి బాలమ్మదే. దేవుడు ఉన్నాడని కనకమ్మకు తెలిసింది అప్పుడే. అది దాసు నేర్పిన పాఠం కాదు.

ఆరు నెలల కిందట, చెరకు నరికే రోజుల్లో, అదే బాలమ్మ చిరిగిన రవికతో, కనుబొమ్మ పైన చీలిన గాయంతో వీళ్లింట్లోకి పరిగెత్తుకొచ్చింది. కూలీల చేత పని చేయించే సర్దారు రామలు ఆమెను చెరకు వరసల్లోకి లాగాడు. లొంగకపోతే కర్రతో కొట్టాడు. కనకమ్మ గాయం కడుగుతుండగానే గుమ్మంలోకి రామలు వచ్చి ఒక మాట అని పోయాడు. బాలమ్మ భయపడకుండా కోర్టుకెక్కింది. కనకమ్మను సాక్షిగా పిలిచారు.

“రామలు సంఘ పెద్ద. గుడికి కప్పు వేయించినవాడు. అతను పడితే సంఘం పడుతుంది,” అన్నాడు అప్పుడు దాసు. “అయినా నువ్వు చూసింది గాయాన్ని. కొట్టడాన్ని కాదు. కొట్టగా చూడలేదు అను. అది అబద్ధం కాదు.”

ఆ మాటలో ఒక సందు ఉంది. కనకమ్మ అందులోంచి ఎలాగో దూరింది. గ్రంథం మీద చెయ్యి పెట్టి, కొట్టగా చూడలేదంది. అక్కడితో అయిపోతుందనుకుంది. కానీ జడ్జి తలెత్తి ఇంకో ప్రశ్న వేశాడు. ఆ రోజు ఈ ఆడమనిషి నీ ఇంటికి వచ్చిందా?

ఆ ప్రశ్నకు దాసు జవాబు నేర్పలేదు. గది వెనక రామలు దగ్గాడు. బాలమ్మ మాత్రం ఇక అంతా తేలిపోయినట్టు తేలిగ్గా ఊపిరి పీల్చింది, కనకమ్మ చెప్తుందన్న నమ్మకంతో.

“రాలేదు,” అంది కనకమ్మ.

తప్పుడు ఫిర్యాదు చేసినందుకు, పని వదిలి వెళ్లినందుకు బాలమ్మకు నెల రోజుల జైలు పడింది. బయటికొచ్చాక ఆమెను తోటలో అడుగుపెట్టనివ్వలేదు. సెయింట్ పియర్ వైపు ఎక్కడో కూలికి కుదిరిందని విన్నారు. ఇంటికొస్తూ దాసు, “నేను చెప్పినదానికన్నా బాగా చెప్పావు,” అన్నాడు. పెళ్లయిన ఎనిమిదేళ్లలో అతను ఆమెను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

కనకమ్మ ఇస్త్రీపెట్టె మళ్లీ ఎత్తింది. “ఏవండీ, రేపు బాలమ్మ సంగతి కూడా చెప్పనా?”

దాసు గడప దాటబోతున్నవాడల్లా ఆగాడు. మూలన కూర్చుని రొట్టెపిండి జల్లిస్తున్న అత్త జల్లెడ ఆపింది.

“అది తీరిపోయిన విషయం,” అన్నాడు దాసు నెమ్మదిగా. అతను నెమ్మదిగా మాట్లాడితేనే ఆమెకు భయం. “కోర్టులో అబద్ధమాడితే జైలు. నీకు తెలుసా? నా పని పోతుంది. ఈ ఇల్లు పోతుంది. దేవుడు నిన్ను ఒప్పుకోమనేది ప్రసాదం గురించి. మిగతావి సాతాను గుచ్చే ముళ్లు.”

“మొగుడు చూపించిన పాపం ఒప్పుకోడానికేం నొప్పే నీకు?” అంది అత్త. “చిన్నది ఒప్పుకో. పెద్దది అదే సర్దుకుంటాది.”

కనకమ్మ బలిపీఠం బట్ట మీద ఇస్త్రీపెట్టె నడిపింది. దేవుడు తనను దేని గురించి గుచ్చుతున్నాడో కూడా మొగుడే చెప్పాలా అనుకుంది. తన వంట ఆయనది, తన నిద్ర ఆయనది. చివరికి తన తప్పు కూడా ఆయన ఎంచి చేతికిచ్చేదేనా?

తెల్లారాక గుడి నిండిపోయింది. మగవాళ్ల వైపు ముందు వరసలో రామలు కూర్చున్నాడు, ఇస్త్రీ మడత చెడని కోటులో. పాద్రీ దొర ప్రార్థన ముగించి, ఒప్పుకోవలసినవాళ్లు లేవవచ్చని సైగ చేశాడు. ఒక ముసలాయన లేచి సారా తాగానన్నాడు. దాసు దాన్ని ఫ్రెంచిలోకి మార్చాడు. దొర తల ఊపాడు. తర్వాత దాసు చూపు ఆడవాళ్ల వైపు తిరిగింది.

కనకమ్మ లేచింది. తల వంచలేదు.

“బాలమ్మ నా ఇంటికి వచ్చింది,” అంది. “రాలేదని కోర్టులో అబద్ధమాడాను. నా అబద్ధం వల్ల ఆమె జైలుకెళ్లింది. ఇదీ నా పాపం.”

రామలు సగం లేచాడు. దాసు ముఖంలో రక్తం లేదు, కానీ గొంతు తడబడలేదు. దొర వైపు తిరిగి ఫ్రెంచిలో ఏదో చెప్పాడు. విగ్రహాలనే మాట, తండ్రి అనే మాట కనకమ్మ చెవిన పడ్డాయి. దొర ముఖం జాలితో మెత్తబడింది. ఆమెను ఆశీర్వదించడానికి చెయ్యి ఎత్తాడు.

చెయ్యని పాపానికి క్షమాపణ తన నెత్తి మీదికి వస్తోంది. ఒక్క అడుగు వెనక్కి వేసింది కనకమ్మ.

ఎనిమిదేళ్లుగా ఆమె ఏట్లో బట్టలుతికేది ఫ్రెంచిలోంచి పుట్టిన క్రియోల్ మాట్లాడే మిషెలిన్ అనే ఆడమనిషి పక్కన. దాసుకు అది తెలుసు గానీ, ఆ ఏటి గట్టున తన పెళ్లాం ఇంకో భాష నేర్చుకుందని తెలియదు.

“నాన్, మిస్యే,” అంది కనకమ్మ దొరతో. “మో తి మాంతి దివాన్ జీజ్.” కాదు దొరా, నేను జడ్జి ముందు అబద్ధమాడాను. వచ్చిన మాటలే కూర్చుకుంటూ మిగతాదీ క్రియోల్‌లోనే చెప్పింది. బాలమ్మ గాయం, చిరిగిన రవిక, గుమ్మంలో రామలు.

దొర చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. దాసును ఏదో అడిగాడు. తండ్రి పోయినప్పటినుంచి దీనికి మతి స్థిమితం లేదని దాసు చెప్పాడు. దొర ఎత్తిన చెయ్యి దించి, ఇది తర్వాత ఇంట్లో కూర్చుని మాట్లాడవలసిన సంగతి అన్నాడు. నువ్వు ఒప్పుకున్నావు, దేవుడు విన్నాడు, వచ్చి మోకరించు అన్నాడు. అతని కళ్లు గుడి కప్పు వైపు ఒకసారి వెళ్లి వచ్చాయి.

“ముందు బాలమ్మ వినాలి,” అంది కనకమ్మ. రొట్టె ముట్టుకోకుండా ఆడవాళ్ల మధ్యనుంచి నడిచి బయటికి వచ్చేసింది. ఎవరూ దారికి అడ్డం రాలేదు. ఒక ముసలామె మాత్రం కాళ్లు దగ్గరికి ముడుచుకుని దారి ఇచ్చింది.

చెరకు బండ్ల దారిలో దాసు ఆమెను అందుకున్నాడు. తెల్ల అంగీ అంచు ఎర్రమట్టి అయింది.

“వెనక్కి రా. మతి చలించి అన్నానని చెప్పు, చాలు. నేను చూసుకుంటాను.”

“ఎన్నాళ్లని చూసుకుంటారండీ?”

“జైలులో వేస్తారే! తెలుసా నీకు?”

“బాలమ్మకి తెలుసు.”

“ఈ అడుగు వేస్తే మళ్లీ నా గడప ఎక్కలేవు,” అన్నాడు. అతని గొంతులో ఉన్నది కోపం కాదు, భయం. కనకమ్మకు అతని మీద జాలేసింది. జాలి కలిగినా కాళ్లు ఆగకపోవడం ఆమెకే వింతగా తోచింది.

దారి అడుగుతూ నడిచి, పొద్దు వాలుతుండగా సెయింట్ పియర్ పక్కన కూలీల ఇళ్లకు చేరింది. బాలమ్మ బయట పొయ్యి దగ్గర కూర్చుని కూర కలుపుతోంది. కనుబొమ్మ మీద గాయం మాని తెల్లటి గీతైంది. తలెత్తి చూసి మళ్లీ కుండలోకి చూసుకుంది.

“ఎందుకొచ్చినావు?”

“అప్పా, నా వల్లే…”

“నా ఒంటి మీద దెబ్బ రామలుది,” అంది బాలమ్మ. “అది మానిపోనాది. నువ్వు రాలేదన్నావు సూడు, అది మానలేదు. నెల్లాళ్లు ఆ నాలుగ్గోడల మధ్య నాను నిజంగా నీ ఇంటికొచ్చినానా, కల గన్నానా అనుకున్నాను. నా బుర్ర మీద నాకే అనుమానం పుట్టించినావే.”

కనకమ్మ ఆమె కాళ్ల దగ్గర కూలబడింది. “నన్ను క్షమించు అప్పా.”

“అది మీ దేవుడు సూసుకుంటాడు. నాకు సాచ్చికం కావాల.”

“రేపు కోర్టుకొస్తాను.”

బాలమ్మ గరిటె ఆపి ఆమెను మొదటిసారి తేరిపార చూసింది. కుండ దించి, ఒక్క పళ్లెమే ఉంటే దానిలోనే ఇద్దరికీ వడ్డించింది. క్షమించానని మాత్రం అనలేదు.

మర్నాడు కోర్టులో పాత కేసు తిరగదోడటానికి గుమస్తా ఒప్పుకోలేదు. ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. మంగళవారం మళ్లీ వచ్చారు. బుధవారం జడ్జి పిలిపించాడు. అప్పటికి కబురు తోటకు పాకింది. గోడవార దాసు నిలబడి ఉన్నాడు, పక్కనే రామలు.

జడ్జి మాటను తెలుగులోకి మార్చే దుబాసీ చెప్పాడు: “అబద్ధపు సాక్ష్యానికి శిక్ష నీకు తెలుసా అని దొరవారు అడుగుతున్నారు. మొగుడి బలవంతం మీద చెప్పి ఉంటే ఆ మాట అను. శిక్ష తగ్గవచ్చు. నీ చేత అలా చెప్పించింది ఎవరు?”

దాసు కళ్లు ఎత్తలేదు. ఆమె నోటి నుంచి తన పేరు వస్తుందని ఎదురుచూస్తున్న మనిషిలా మెడ ముందుకు వంగింది. బాలమ్మ ఆమె పక్కనే, చెయ్యి అందేంత దూరంలో నిలబడి ఉంది. ఈసారి తేలిగ్గా ఊపిరి పీల్చడం లేదు.

“కొట్టగా చూడలేదని చెప్పమన్నది ఆయన,” అంది కనకమ్మ. “దానికి ఆయన్ని అడగండి. బాలమ్మ నా ఇంటికి రాలేదన్న మాట నాకెవరూ నేర్పలేదు. అది నాది. దానికి నన్ను పంపండి జైలుకి.” ఆగి, కలం ఎత్తి పట్టుకుని తనవైపే చూస్తున్న గుమస్తా వైపు తిరిగింది. “ఆ రోజు రామలు నా గుమ్మంలో నిలబడి ఏమన్నాడో ఇప్పుడు చెప్తాను. రాసుకోండి.”